ఒకే ఇరుసు

తాటిపూడి గట్టు మీద టిక్కెట్టు కుర్రాడు
"రెండు సీట్ల బాతా, నాలుగు సీట్లదా" అన్నాడు.
మేం ముగ్గురం.
ముగ్గురికి పడవ లేదట.
నాలుగు సీట్లదే తీసుకున్నాం.
మిగిలిన సీట్లో మా చెప్పులూ
దారిలో కొన్న సీతాఫలాల సంచీ పెట్టాం.
గోడ మీద ఫొటోలో ఉన్నాయన సీటు అదని
ముగ్గురికీ తెలుసు.
ఎవరమూ పైకి అనలేదు.

మోక్షిత్‌కి తొమ్మిదేళ్ళు.
వాళ్ళమ్మతో మా ఇంటికొచ్చి అయిదు నెలలు.
ఇన్నాళ్ళలో నన్ను ఏమనీ పిలవలేదు.
"అమ్మా, ఆయన బండి తాళం ఇక్కడుంది"
"అమ్మా, ఆయన్ని ఎవరో పిలుస్తున్నారు"
ఎదురుపడితే మీరు, అండి,
లెక్కల మేస్టారితో మాట్లాడినట్టు.
తప్పేం లేదు.
తప్పు లేకపోవడమే కాస్త గుచ్చుకుంటుంది.

నారింజ రంగు జాకెట్టు.
ఎవరెవరి ఆదివారాల చెమటో దాని నిండా.
తాడు ముడి వెయ్యబోతే
నా వేళ్ళు తగలకుండా
పొట్ట లోపలికి లాక్కున్నాడు, ఊపిరి బిగబట్టి మరీ.
వదులుగానే కట్టాను.
కుర్రాడొచ్చి మళ్ళీ బిగించాడు.

వరాలుకి నీళ్ళంటే భయం.
వెనక సీట్లో రెండు చేతుల్తో రేకు పట్టుకుని
"తల్లీ పైడితల్లీ, ఏటీ గొడవ,
గట్టు మీదే బాగున్నాం గదా" అంటోంది.
అలా ముందు సీట్లో
వాడూ నేనూ పక్కపక్కన పడ్డాం.
బండి మీదైతే మా మధ్య ఎప్పుడూ వాళ్ళమ్మే.

డిపోలో మెకానిక్కుని.
ఎక్కడ కూర్చున్నా ముందు కిందికి చూస్తాను.
రెండు జతల పెడళ్ళు,
ఒకటే ఇరుసు.
గ్రీజు మొహం చూసి ఎన్నాళ్ళయిందో.
నేను తొక్కితే వాడి వైపు తిరుగుతాయి,
వాడు తొక్కితే నా కాళ్ళు లేస్తాయి,
వద్దనుకున్నా సరే.

మొదట వాడు కాళ్ళు పైకి ముడుచుకున్నాడు.
ఖాళీ పెడళ్ళు కిర్రుకిర్రుమంటూ
వాడి ముందు తిరుగుతున్నాయి.
కాసేపు చూశాడు.
ఒక బొటనవేలు ఆనించాడు.
తరవాత పాదం.

కార్తీకం ఎండ. కొండల నీడ
సగం నీళ్ళలో, సగం వాడి మొహం మీద.
మధ్యకొచ్చేసరికి గాలి తిరిగింది.
రంగూడిన బాతుముక్కు
గట్టుని వదిలేసి ఎటో పోతోంది.
వరాలు అరవడం మానేసింది,
అది ఇంకా భయం.
కావాలనే కాలు ఆపాను.
అబద్ధమెందుకు, ఆయాసమొచ్చి ఆపాను.
బరువంతా ఒక్కసారి వాడి మోకాళ్ళ మీద పడింది.
పళ్ళు బిగించి నాలుగు తొక్కులు తొక్కి
నా వైపు తిరిగి అరిచాడు:

"తొక్కు! నువ్వు తొక్కట్లేదు!
నేనొక్కణ్ణే తొక్కుతున్నాను!"

నువ్వు.

అంత విశాలమైన నీళ్ళలో
ఆ మాట ఎటూ పోకుండా
తిన్నగా నా ఒళ్ళో పడింది.
వెనక వరాలు "ఒరే, ఏటా మాట" అనబోయి
ఎందుకో ఆగిపోయింది.
తొక్కాను.
స్టార్టవని బస్సుని కూడా అంత తోసి ఎరగను.
"అటు కాదు, ఇటు తిప్పు, నువ్వు ఇటు తిప్పు!"
తిట్లే, ఒడ్డు దాకా తిట్లే.
పరాయివాణ్ణి ఎవరూ అంత విసుక్కోరు.

ఈల వేశారు, అరగంట అయిందని.
వాడు వినలేదు.
నేను విననట్టు ఊరుకున్నాను.
రెండో ఈలకి వరాలు
"దిగండి బాబూ ఇద్దరూ" అంది.

గంట్యాడ దాటేసరికి చీకటి.
బండి మీద మామూలే, మధ్యలో వరాలు.
రాత్రి నొప్పుల మందు తెచ్చి
వాడి పిక్కలకి రాసి
వేళ్ళకి మిగిలింది నా పిక్కలకి తుడిచింది.

తెల్లారి బడికి పోతూ గుమ్మంలో ఆగి
"అమ్మా, ఆయన కేరేజీ మర్చిపోయారు" అన్నాడు.
ఆయనే. మర్చిపోయారే.
పర్లేదు.
కొత్త బేరింగుని సుత్తితో కొట్టి దించకూడదు.

ఇప్పుడు బస్సు కింద వెల్లకిలా పడుకుని
నట్టు బిగిస్తున్నాను.
కుడికాలు
దానంతటదే లేస్తోంది.